దొంగ బీరువా తుడవడు

జల్లెడకు తన అత్తగారి మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే. ఆవిడ తన కుట్టుమిషన్‌ను నలుగురు కోడళ్ళకూ ఇచ్చేసింది. కాగితం మీద కాదు, నోటితో. ఒక్కొక్కరినే వంటింట్లోకి పిలిచి, "నా తర్వాత ఇది నీకేనే, మిగతావాళ్ళకి చెప్పకు" అని చెవిలో ఊదింది. నలుగురూ ఎవరికీ చెప్పలేదు. నలుగురూ ఎవరూ చూడకుండా మిషన్‌కు నూనె పోస్తున్నారు. లోకంలో అంత నూనె తాగిన మిషన్ మరొకటి ఉండదు. "ఎవరికిస్తారో ఓ కాగితం మీద రాసి పెట్టండి అత్తయ్యా" అని జల్లెడ ఒకసారి నోరు జారింది. "నేనెప్పుడు పోతానా అని కాసుకుని కూర్చున్నావా?" అని ఆవిడ రెండు రోజులు భోజనం మానేసింది, కనీసం జల్లెడ చూస్తున్నంతసేపూ.

మనిషి ఉన్నన్నాళ్ళూ ఇది నవ్వులాట. మనిషి పోయాక ఇదే ఆట ఎలా ఉంటుందో చూడటానికి జల్లెడ ఆ మధ్యాహ్నం రాతిపని మేస్త్రి ఇంటి గుమ్మం ఎక్కింది. పదిహేనేళ్ళు బీమా కంపెనీలో దొంగ క్లెయిములను జల్లించి, తర్వాత సొంతంగా డిటెక్టివ్ బోర్డు కట్టుకున్న మనిషి ఆమె. పని చూసి ఊరు పెట్టిన పేరు జల్లెడ. ఆమెను పిలిపించింది మేస్త్రి పెంచిన కూతురు. ఆ పిల్ల చేతిపని చూసి మురిసిపోయి మేస్త్రే ఆమెకు 'ఉలి' అని పేరు పెట్టుకున్నాడు.

గొడవ చిన్నదే, గడువే మరీ చిన్నది. రెండు నెలల కిందట మేస్త్రి పెరటి షెడ్డులో రాయి కోస్తూ కోస్తూ పడిపోయాడు. మూడో రోజు ఆసుపత్రిలో పోయాడు. పడిపోవడానికి ముందు శుక్రవారం నాడు వకీలు చేత వీలునామా రాయించాడు. ఇల్లు భార్యకు, దాచిన సొమ్ము కొడుక్కు, షెడ్డూ పనీ ఉలికి. అసలు ప్రతి ఇప్పుడు లేదు. వకీలు దగ్గర నకలు మాత్రం ఉంది. వీలునామా లేదని, వారసులం మేమిద్దరమేనని కొడుకు తల్లి చేత కూడా సంతకం పెట్టించి కోర్టులో అర్జీ వేశాడు. ఇవాళ ఐదింటికి కోర్టు కౌంటర్ మూసేలోపు అభ్యంతరం పడకపోతే రేపు ఉత్తర్వు. ఆ తర్వాత షెడ్డు కొడుకుది, కొడుకు నుంచి కొనుక్కునేవాడిది. పెంచారే గానీ ఉలిని కాగితం మీద దత్తత తీసుకోలేదు. ఆ ఇంట్లో ఏదీ కాగితం మీదికి ఎక్కలేదు.

హాల్లో గోడ గడియారం రెండున్నర కొట్టింది. జల్లెడ మేస్త్రి భార్య వైపు తిరిగింది.

"పిన్నిగారూ, ఆ రోజు ఆయన పడిపోయిన సంగతి మీకెలా తెలిసింది?"

"అమ్మకి ఆ రోజు..." అని కొడుకు అందుకున్నాడు.

"బాబూ, పిన్నిగారంటే మీరా?"

పెద్దావిడ కొంగు సర్దుకుంది. ఆమె పక్కన అరలో మందు సీసాలు పొట్టి నుంచి పొడుగు దాకా వరసగా, చీటీలు ముందుకు తిరిగి, ఫొటోకి నిలబడినట్టు ఉన్నాయి.

"ఉలి కేకేసింది. పెరటి తలుపు దాకా వెళ్ళాను. షెడ్డులోకి వెళ్ళలేదు. నేను ఆ షెడ్డులో అడుగు పెట్టను."

"ఎప్పట్నుంచి?"

"వీడు కడుపులో ఉన్నప్పట్నుంచి. ఓ రోజు ఆయనకి మంచినీళ్ళు ఇద్దామని వెళ్ళాను. చంటిబిడ్డ కోసం చేసిన రాయి. ఇంతే ఉంది." ఆమె రెండు అరచేతులూ దగ్గరకు తెచ్చి చూపించింది. "చాలదూ?"

ఊళ్ళో పోయినవాళ్ళందరికీ సమాధి రాళ్ళు చెక్కిన ఇల్లది. ఆ ఇంట్లో చావు అన్న మాటకు మాత్రం ప్రవేశం లేదు. ఎవరైనా పోతే మేస్త్రి, "వాళ్ళాయన ఊరెళ్ళాడట, రాయి కావాలట" అని చెప్పేవాడు. ఆ లెక్కన సగం ఊరు ఊరెళ్ళినట్టే.

"ఆంబులెన్స్ పదకొండింటికి వెళ్ళింది. ఉలి ఆయన పక్కనే వెళ్ళింది. మీరు ఆసుపత్రికి పన్నెండున్నరకి చేరారు. ఆసుపత్రి రెండు వీధుల అవతలే కదా?"

"బట్టలూ ఫ్లాస్కూ సర్దుకోవద్దా?"

"గంటన్నర సర్దారా?"

"మోకాళ్ళ నొప్పులండీ అమ్మకి!" కొడుకు మళ్ళీ దూరాడు.

"వీలునామా రాశానని ఆయన మీతో అన్నారా?"

"నాతో ఎవరేం అన్నారు?" పెద్దావిడ గొంతు ఒక్కసారిగా లేచింది. "నిక్షేపంలా తిరిగే మనిషి అలాంటివి రాసుకోవడం ఏమిటి? కొరివితో తల గోక్కోవడం కాకపోతే! ఆ పచ్చ అట్ట చూస్తేనే ఒళ్ళు జలదరిస్తుంది. నన్నింకేం అడక్కు తల్లీ."

జల్లెడ ఇంకేం అడగలేదు. ఆ మాటను మాత్రం బుర్రలో వేసుకుని పెరటి దారి పట్టింది.

షెడ్డు గుమ్మంలో ఒక విగ్రహం నిలబడి ఉంది. దగ్గరికెళితే అది తీర్పుగారు. ఆయన పోలీసు ఉద్యోగం నుంచి రిటైరై సొంత పరిశోధనలోకి దిగిన పెద్దమనిషి. ముందు తీర్పు చెప్పి తర్వాత విచారణ చేయడం ఆయన పద్ధతి. కొడుకు ఆయన్ని పెట్టుకున్నాడు.

"రా చెల్లెమ్మా. నీకు శ్రమ లేకుండా పొద్దున్నే తేల్చేశాను."

"మీరు తేల్చనిదెప్పుడు అన్నగారూ? నేరం జరక్కముందే నేరస్థుణ్ణి పట్టుకున్న చరిత్ర మీది."

ఆయన దాన్ని మెచ్చుకోలుగానే తీసుకున్నాడు. "ఆదివారం సాయంత్రం మేస్త్రికీ ఈ పిల్లకీ పెద్ద గొడవ. పక్కింటివాళ్ళు విన్నారు. కోపమొచ్చింది, వీలునామా చింపేశాడు. చట్టం ఏమంటుంది? వీలునామా రాసినాయన దగ్గరే ఉండి, ఆయన పోయాక కనపడలేదంటే ఆయనే రద్దు చేసుకున్నాడని లెక్క. నకలు నాలుక గీసుకోవడానికి కూడా పనికిరాదు. అయిపోయింది."

"గొడవ దేనికమ్మా?" జల్లెడ ఉలి వైపు తిరిగింది.

ఉలి చేతులు కట్టుకుని తలుపుకు ఆనుకుని ఉంది. ముప్పై ఏళ్ళుంటాయి. గోళ్ళ సందుల్లో రాతిపొడి ఇంకా వదల్లేదు. "అక్షరం లోతు గురించండీ. మరీ లోతుగా కొట్టావన్నాడు నాన్న. తక్కువ కొడితే పదేళ్ళకి వాన తినేస్తుందన్నాను. మాకది రోజూ ఉండేదే. ఆ రోజు వాళ్ళ రేడియో పాడైనట్టుంది, మమ్మల్ని విన్నారు."

వెనకాలే వచ్చిన కొడుకు తాళం తీశాడు. మేస్త్రిని ఆసుపత్రికి తీసుకెళ్ళిన రోజు ఒంటిగంటకు వేసిన తాళం. మధ్యలో వెతకడానికి వకీలుతో కలిసి ఒకే ఒక్కసారి తీశారు.

లోపల అంతా తెల్లగా ఉంది. బల్లలు, సుత్తులు, గోడకు వేలాడే చొక్కా, అన్నీ పిండిలో పొర్లించి తీసినట్టున్నాయి. నడుమ రాయి కోసే రంపం. సగం కోతలో ఆగిన రాయి దాని పళ్ళ మధ్య అలాగే ఇరుక్కుని ఉంది. రంపం కింద నీటి తొట్టి. నీరు ఇంకిపోయి అడుగున బూడిదరంగు బురద పెచ్చుకట్టింది. మూలన ఇనుప బీరువా. దాని తలుపు సరిగా పడదు, వేలు దూరేంత సందు.

జల్లెడ బీరువా తెరిచింది. పై అరలో గరుకు కాగితాలు, వాటి మీద దుమ్ము దుప్పటి. కింది అరలో పాత ఉలుల కట్టలు, వాటి మీదా అదే దుప్పటి. నడిమి అర మాత్రం అద్దంలా మెరుస్తోంది. అందులో ఒక బిస్కెట్ల డబ్బా. పక్కన మూడు జిగురు సీసాలు, పొట్టిది, మధ్యరకం, పొడుగుది, చీటీలు ముందుకు తిరిగి.

డబ్బా తీసింది. ఖాళీ. సీసా ఎత్తింది. సీసా కిందా శుభ్రమే. అర లోపలి మూలకు వేలు పోనిచ్చి రాసింది. వేలికి ఏమీ అంటలేదు.

ఇలాంటి క్షణం కోసమే ఆమె ఈ వృత్తిలో ఉంది. జీతం కోసమైతే బీమా కంపెనీయే నయం.

"ఈ అర ఎవరు తుడిచారు?"

"మేస్త్రి తుడుచుకుని ఉంటాడు," అన్నాడు తీర్పుగారు.

ఉలి నవ్వేసింది. "నాన్నా? తాగిన గ్లాసు కడిగితే అరిగిపోతుందనే మనిషి!"

"అయితే నువ్వే. వేలిముద్రలు చెరిపేశావు."

"ఏ రోజు చెరిపిందో అది కూడా చెప్పండి అన్నగారూ," అంది జల్లెడ. "ఉలీ, ఆ సోమవారం పొద్దున రంపం తిరిగిందా?"

"తొమ్మిదింటి నుంచి తిరుగుతూనే ఉంది. నాన్న పడిపోయాక నేనే పరుగెత్తుకెళ్ళి ఆపాను."

"రంపం తిరిగితే ఈ బీరువాలోకి దుమ్ము దూరుతుందా?"

"రంపం తిరిగితే అన్నంలోకి కూడా దూరుతుందండీ."

"అదీ సంగతి!" జల్లెడ గొంతులోకి ఉత్సాహం పొంగుకొచ్చింది. "రంపం ఆగకముందు తుడిస్తే ఈ అర మళ్ళీ తెల్లబడేది. రంపం ఆగాక ఈ షెడ్డులో పనే లేదు, కొత్త దుమ్ము లేదు. అంటే తుడిచింది రంపం ఆగాక. రంపం ఆగేటప్పటికి మేస్త్రి నేల మీద ఉన్నాడు, ఉలి ఆయన్ని పట్టుకుని ఉంది. ఇద్దరూ కలిసి ఆంబులెన్స్‌లో వెళ్ళారు. పదకొండింటికీ, ఒంటిగంటకు తాళం పడటానికీ మధ్య ఈ బీరువా దగ్గరికి ఇంకెవరో వచ్చారు."

తీర్పుగారి కనుబొమలు దగ్గరయ్యాయి. కానీ తీర్పు మార్చుకుంటే ఆయన తీర్పుగారెలా అవుతాడు? "వచ్చారనుకో, తుడిచారనుకో. కాగితం తీశారని ఎక్కడుంది? మేస్త్రి ఆదివారమే చింపి ఉండొచ్చుగా?"

"చింపితే ముక్కలేవి?"

ఆమె తొట్టి దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. చీరకు బురద అంటుతుందని ఒక క్షణం ఆలోచించి, అంటనీ అనుకుంది. కింది అరలోంచి తెచ్చిన ఉలితో బురద పెచ్చును మెల్లగా గీరింది. పైపొర పొరలు పొరలుగా లేచింది. నాలుగో గీతకు బూడిదరంగులోంచి ఒక పచ్చటి పెంకు బయటపడింది. వేలిగోరంత. దళసరి అట్ట. పక్కనే ఇంకొకటి. ఆ పక్కన, గుజ్జుగా మారి ఎండిపోయిన తెల్లకాగితం ముద్ద.

"ఇవి అడుగున లేవు, పైన ఉన్నాయి," అంది లేవకుండానే. "రంపం తిరుగుతున్నప్పుడు పడితే బురదలో కలిసి తిరిగి తిరిగి పిండి అయ్యేవి. నీళ్ళు నిలిచాక పడ్డాయి."

కొడుకు మొహం గోడ మీద దుమ్ముకు పోటీగా ఉంది.

"అన్నయ్యా," ఉలి అతని వైపు తిరిగింది. "తాళం వేసింది నువ్వేగా?"

"నేను తీయలేదు! ఒట్టు!" కొడుకు అరిచాడు. "నాకు దొంగతనం ఎందుకు? నాన్న ఎప్పుడో చెప్పాడు, 'ఇదంతా నీదేరా' అని!"

"ఎప్పుడు చెప్పారు?" అంది జల్లెడ.

"నాకు పదేళ్ళప్పుడు."

జల్లెడ నవ్వు ఆపుకోవడానికి దగ్గింది. ఆ దగ్గులోనే ఆలోచన నడిచింది. కొడుకు ఆ రోజు ఆసుపత్రి నుంచి ఫోన్ అందుకుని, పొరుగూరి నుంచి ఒంటిగంటకు దిగాడు. దిగినవాడు దిగినట్టే తాళం వేశాడు. ఆమె మళ్ళీ బీరువా వైపు చూసింది. దొంగ చేయి పెట్టిన చోటు తుడుస్తాడు, పారిపోతాడు. సీసా ఎత్తి సీసా కింద తుడవడు. మూల దాకా వేలు పోనివ్వడు. పొడుగు వారీగా సర్ది, చీటీలు ముందుకు తిప్పి పెట్టడు. అలా తుడిచే చేయి దొంగ చేయి కాదు, ముప్పై నలభై ఏళ్ళు ఇల్లు తుడిచిన చేయి. బుర్ర వద్దన్నా ఆగని చేయి. అలాంటి చేయి జల్లెడకూ ఉంది, అందుకే గుర్తుపట్టింది. అలా నిలబెట్టిన సీసాలను గంట కిందట హాల్లో చూసింది కూడా.

వాళ్ళు హాల్లోకి వచ్చేసరికి వకీలు ఎదురుచూస్తున్నాడు. సన్నటి మనిషి, ఒళ్ళో సంచి. టైం మూడున్నర దాటింది. ఇక్కణ్ణుంచి కోర్టుకు అరగంట ప్రయాణం.

"వకీలు గారూ, వీలునామా అసలు ప్రతి ఎలా ఉండేది?"

"రెండు పేజీలు. పచ్చ అట్టలో కుట్టించి ఇచ్చాను. అట్ట మా ఆఫీసు అలవాటు. నా దగ్గరే దాస్తానంటే వినలేదు మేస్త్రి. ఎక్కడ పెట్టాడో ఇంట్లో చెప్పమన్నాను. 'మా ఆవిడతో ఈ మాట ఎత్తడం సింహం నోట్లో తల పెట్టడమే, మంచి టైం చూసి చెప్తా'నన్నాడు."

"ఆ అట్ట ఇంకెవరు చూశారు?"

"నేనూ, సాక్షి సంతకాలు చేసిన మా ఆఫీసువాళ్ళిద్దరూ, మేస్త్రీ. నకలు నలుపూ తెలుపూ, అందులో అట్ట లేదు."

జల్లెడ ఇక పెద్దావిడ ఎదురుగా కూర్చుంది. తొందరగా చెప్పాల్సిన మాటే, తొందరపడి చెప్పలేకపోయింది. "పిన్నిగారూ, ఇందాక మీరు పచ్చ అట్ట అన్నారు."

పెద్దావిడ చేతిలో కొంగు ఆగిపోయింది.

"అమ్మని ఏమంటున్నారు మీరు?" కొడుకు ముందుకు దూకాడు.

"అనాల్సింది నేను కాదు బాబూ, ఆవిడ."

వకీలు గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, ఉన్న సంగతి చెబుతాను. అట్ట ముక్కలూ దుమ్మూ అనుమానానికి పనికొస్తాయి. అనుమానంతో కోర్టు ఆగదు. ఆయన కాకుండా ఇంకొకరు, ఆయనకి తెలియకుండా వీలునామా పాడుచేశారని, చేసినవాళ్ళో చూసినవాళ్ళో నోటితో చెప్పాలి. అప్పుడు వీలునామా రద్దు అయినట్టు కాదు. నకలు చూపించి, సాక్షుల్ని పిలిచి నిలబెడతాను."

తీర్పుగారు ఒక్క అంగలో మధ్యకు వచ్చాడు. ఓడిపోయే ఆటలో ఆయనకింకా ఒక ముక్క మిగిలి ఉంది. "పెద్దమ్మగారూ, నోరు విప్పకండి. వీలునామా నాశనం చేయడం నేరం. ఇప్పుడు మీరు అవునన్నారంటే అది మీ మెడకే. జైలు. ఈ వయసులో. నేను పాతిక మందిని లోపలేశాను, అక్కడెలా ఉంటుందో నాకు తెలుసు. మీరు మాట్లాడకపోతే ఎవరూ ఏమీ చేయలేరు."

"నిజమేనా వకీలు గారూ?" ఉలి అడిగింది.

వకీలు అబద్ధం చెప్పలేదు. "మోసం చేద్దామని చేయలేదని గట్టిగా వాదిస్తాను. హామీ మాత్రం ఇవ్వలేను."

ఉలి రెండు అంగల్లో వచ్చి పెద్దావిడ కుర్చీ పక్కన కూలబడింది. "వద్దమ్మా. ఏమీ చెప్పకు. షెడ్డు పోతే పోనీ. చేతులున్నాయి, ఉలి ఉంది, ఎక్కడైనా రాయి దొరుకుతుంది. మేడమ్, కేసు ఆపెయ్యండి. నేనే పిలిచాను, నేనే ఆపమంటున్నాను."

జల్లెడ వృత్తిలో ఇలాంటి దెబ్బ ఎప్పుడూ తినలేదు. గెలుపు గుమ్మం దాకా వచ్చి చెప్పులు విడుస్తుంటే, క్లయింటే తలుపు మూసేస్తోంది. ఆమె కాదనబోయి ఆగింది. ఇది ఆమె చెప్పాల్సిన మాట కాదు.

"అదీ తెలివి," అన్నాడు తీర్పుగారు. "అయిపోయింది. వెళదాం పదండి."

"ఆగండి."

ఆ గొంతు పెద్దావిడది.

"అమ్మా, వద్దు," అన్నాడు కొడుకు.

"నువ్వు నోరు మూసుకోరా. ఇప్పటిదాకా నా బదులు నువ్వే మాట్లాడావు, నాకూ హాయిగానే ఉండింది." ఆమె ఉలి తల మీద చేయి వేసింది. "ఆ పొద్దున కాఫీ తాగుతూ చెప్పాడాయన. 'రాసేశానే, బీరువాలో పెట్టాను, పచ్చ అట్ట, ఇక నాకు నిశ్చింత' అని. నేను అరిచాను. కాఫీ సగంలో వదిలేసి షెడ్డులోకి పోయాడు. రెండు గంటలు తిరక్కుండా ఇది కేకేసింది."

ఆమె ఉలి జుట్టు సవరించింది.

"ఆ కాగితమే ఆయన్ని పడేసిందనుకున్నాను. అది లేకుండా చేస్తే లేచి కూర్చుంటాడనుకున్నాను. బండి అటు వెళ్ళగానే ఇటు షెడ్డులోకి వెళ్ళాను. చింపాను. నీళ్ళల్లో ముంచాను, అక్షరం కనపడకుండా పిసికాను. ఆ తర్వాత కాళ్ళు కదల్లేదు. ఆ అర అంత మురికిగా ఉంటే... ఏం చేస్తున్నానో నాకే తెలీదు. ఆయన అక్కడ అలా ఉంటే, నేను సీసాలు తుడుచుకుంటూ నిలబడ్డాను."

కొడుకు తలుపు వైపు మొహం తిప్పుకున్నాడు. అతని భుజాలు కదులుతున్నాయి.

"కాగితం పోయింది. ఆయన లేవలేదు. అప్పుడైనా చెప్పాల్సింది. వీడొచ్చి, నాన్నే చింపేశాడమ్మా అంటే, అదే నిజమనుకోవడం సుఖంగా ఉండింది. సంతకం పెట్టమంటే పెట్టాను. దీన్ని వీధిలో నిలబెట్టే సంతకం."

"అమ్మా, జైలంటున్నారు," అంది ఉలి, ఏడుపులోంచి.

"వింటున్నానే. చెవుడు రాలేదు నాకు." ఆమె వకీలు వైపు తిరిగింది. అతను అప్పటికే కాగితం తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. జల్లెడ తన కలం విప్పి అతనికందించింది. తీర్పుగారు జీవితంలో మొదటిసారి ఏ తీర్పూ చెప్పకుండా కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు.

"రాసుకో నాయనా, టైం అవుతోంది. నేను చెప్పింది చెప్పినట్టు రాయి, మెత్తబరచకు. ఆయన రాయడం తప్పు కాదు. నేను చింపడం తప్పు. తప్పు నాదే, ఇంకెవరిదీ కాదు."